జరీనా బిగించిన ఇంజిన్

శనివారం పొద్దున ఏడున్నరకే జరీనా గ్యారేజీ షట్టరు ఎత్తింది. బెంగళూరులో కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ వెనక సందులో ఆ వేళకు ఓబులమ్మ ఇడ్లీ బండి తప్ప ఇంకేదీ తెరిచి ఉండదు. లోపల పాతకాలపు హెరాల్డ్ కారు మూతి ముందుకు వాల్చుకుని ఉంది. ఆ కారు తీరే అంత. బానెట్ ఒక్కటే లేవదు. మడ్‌గార్డులతో, హెడ్‌లైట్లతో సహా ముందు భాగమంతా ఒరిగిపోయి ఇంజిన్ పూర్తిగా బయటపడుతుంది. ఆ ఇంజిన్ని జరీనా తొమ్మిది నెలలుగా చూస్తూనే ఉంది. తుప్పు పట్టిన ముద్దగా చూసింది, ముక్కలు ముక్కలుగా కిరసనాయిల్లో నానుతుంటే చూసింది, తన చేత్తోనే ఆకుపచ్చ రంగు వేసి ఆరబెట్టింది. అయినా ఆ పొద్దున ప్రతి నట్టునూ మరోసారి వేలితో తడిమి చూసింది.

ఆ రోజు దాన్ని మొదటిసారి స్టార్ట్ చేయాలి.

జరీనాది కదిరి. పంతొమ్మిదేళ్లప్పుడు పిన్నమ్మ వెంట బెంగళూరు వచ్చి, బసవరాజు గ్యారేజీలో బిల్లులు రాసే పనికి కుదిరింది. బిల్లులు రాసేది గంట సేపు. మిగతా రోజంతా ఖాళీ. ఊరికే కూర్చోలేక సామాన్లు కడగడం మొదలుపెట్టింది. కడిగిన సామాను ఎక్కడ బిగిస్తారో చూసింది. చూసినదాన్ని ఓ రోజు తానే బిగించింది. పన్నెండేళ్లు గడిచాయి. ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్లు ఆమె చేతిలో స్పానరు చూసి కూడా, "మెకానిక్ ఎక్కడమ్మా?" అని అడుగుతారు. బ్రేకులు, క్లచ్చులు, గేరుబాక్సులు అన్నీ చేసింది. మొత్తం ఇంజిన్ మాత్రం, అడుగు నుంచి పైదాకా, ఒక్కతే ఎప్పుడూ చేయలేదు.

అలాంటప్పుడు హెరాల్డ్ చేతికొచ్చింది. కారు ఛాయాదేవిది. ఆమె టెలిఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షన్‌లో ముప్పై ఐదేళ్లు పనిచేసి రిటైరయింది. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో, ఆ సెక్షన్‌లో మగవాళ్లే స్కూటర్ల మీద వచ్చే రోజుల్లో, ఒక డాక్టరు దగ్గర ఈ కారు కొని తానే నడుపుకుంటూ పనికి వెళ్లింది. పద్దెనిమిదేళ్లు తిరిగాక అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర నీళ్ల గొట్టం పగిలి, ఆమె చూసుకునేలోపే ఇంజిన్ వేడెక్కి పట్టేసింది. అప్పటి నుంచీ ఇంటి వెనక రేకుల షెడ్డులో పడి ఉంది. నాలుగు గ్యారేజీలవాళ్లు చూసి, "ఇంజిన్ తీసేసి వేరేది వేద్దాం మేడమ్" అన్నారు. ఐదో గ్యారేజీ బసవరాజుది. అతను కూడా తల గోక్కుని, సామాన్లు ఎక్కడ దొరుకుతాయని తన కన్నడ తెలుగులో, "పార్ట్స్ ఎల్లి నుంచి తేవల్ల?" అంటుంటే, వెనక నుంచి జరీనా అనేసింది.

"నేను చేస్తానన్నా."

అనేశాక ఆమెకే భయం వేసింది. బసవరాజు వెనక్కి తిరిగి ఆమెను ఒకసారి, కారును ఒకసారి చూశాడు. "ఆయ్తు. చెయ్యి. నేను ముట్టేది లేదు," అన్నాడు. నిజంగానే ముట్టలేదు. ఇంజిన్ బ్లాకును సిలిండర్లు తొలిపించే బోరింగ్‌కు తీసుకెళ్లింది జరీనాయే. పిస్టన్ల కోసం చెన్నై అంతా ఫోన్లు చేసింది జరీనాయే. వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ ఇంగ్లండు నుంచి పార్శిల్లో వస్తే, దాన్ని పసిబిడ్డను విప్పినట్టు గుడ్డ మడతల్లోంచి విప్పింది కూడా ఆమే.

ఎనిమిదింటికి ఛాయాదేవి ఆటో దిగింది. అరవై ఐదేళ్ల మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. పెళ్లికి వచ్చినట్టు పట్టుచీర కట్టుకుని వచ్చింది.

"ఈ చీర నూనె పాలైపోతాది మేడమ్," అంది జరీనా.

"పోనీలే. ఇరవై ఏళ్ల తర్వాత మాట్లాడబోతోంది అది. పాత చీరతో వస్తే ఏమనుకుంటుంది?" అంది ఛాయాదేవి. తర్వాత గొంతు తగ్గించి, "నేనేం చేయాలో చెప్పు," అని అడిగింది.

జరీనా ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, డాష్‌బోర్డు మీద తాత్కాలికంగా కట్టిన రెండు మీటర్లు చూపించింది. "ఇది నూనె ప్రెషరు. ఇది ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతాందో చూపించేది. స్టార్టయిన వెంటనే ముల్లు రెండు వేల మీదకి రావాల. ఇరవై నిమిషాలు కిందికి దిగకూడదు, ఆగకూడదు."

"ఆగితే?"

"లోపల క్యామ్ షాఫ్ట్ కొత్తది. అది జోరుగా తిరిగితేనే నూనె పైకి చిమ్మతాది. ఆ నూనెలో ఇనుమూ ఇనుమూ రాసుకొని ఒకదానికొకటి సర్దుకుంటాయి. మొదటి ఇరవై నిమిషాల్లో సర్దుకుంటే ముప్పై ఏండ్లు వస్తాది. లేకుంటే గీతలు పడిపోతాయి, మళ్లీ అంతా విప్పాల." జరీనా ఒక క్షణం ఆగింది. "ఇంకోటి. స్టార్ట్ కాకుండా ఊరికే సెల్ఫ్ కొడతా ఉంటే, నేను పూసిన గ్రీజు తుడుచుకుపోతాది. ఒకటి రెండుసార్లలో అందుకోవాల."

బసవరాజు అప్పుడే వచ్చాడు. కారు చుట్టూ నిదానంగా ఒక చుట్టు తిరిగాడు. వంగి ఇంజిన్ పక్కగా చూశాడు. గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరును తీసి కారు పక్కన పెట్టాడు, ఒక గోనెసంచి తడిపి దాని మీద వేశాడు. తర్వాత సందు దాటి ఓబులమ్మ బండి దగ్గర స్టూలు మీద కూర్చుని ఇడ్లీ చెప్పాడు. అంత దూరం పోయి కూర్చోవడం జరీనాకు నచ్చలేదు. తన మీద నమ్మకం లేక, నవ్వులపాలయ్యేటప్పుడు పక్కన ఉండకూడదనే వెళ్లిపోయాడని అనుకుంది.

ముందుగా ప్లగ్గులు నాలుగూ విప్పి, ఇంజిన్‌కు బరువు లేకుండా సెల్ఫ్ కొట్టించింది. నూనె ముల్లు కదలలేదు. మళ్లీ కొట్టించింది. ముల్లు వణికి, లేచి, నలభై దగ్గర నిలిచింది. నూనె పైదాకా వచ్చిందన్నమాట. ప్లగ్గులు బిగించింది, వైర్లు తగిలించింది, పెట్రోలు చూసింది, నీళ్లు చూసింది. చేతులు గుడ్డకు తుడుచుకుని తల ఊపింది.

ఛాయాదేవి తాళం తిప్పింది.

ఇంజిన్ గురగురమని తిరిగింది. రెండు, మూడు, నాలుగు చుట్లు. ఉన్నట్టుండి ఢామ్మని కార్బురేటరు నోట్లోంచి జానెడు మంట వచ్చి ఆరిపోయింది. పక్క కాంపౌండులో పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఛాయాదేవి కెవ్వుమంది. ఓబులమ్మ చేతిలో గరిటె సాంబారులో పడిపోయింది.

జరీనా సందు అవతలికి చూసింది. బసవరాజు స్టూలు మీంచి సగం లేచాడు. ఆమె చూపు చూసి మళ్లీ కూర్చున్నాడు.

"ఇంకోసారి కొట్టనా?" అని అడిగింది ఛాయాదేవి.

"వద్దు వద్దు! తాళం తీసేయండి."

ఇంకోసారి కొట్టాలనే జరీనాకూ ఉంది. కానీ ఊరికే తిప్పితే లోపలి గ్రీజు పోతుంది. ఆమె ఇంజిన్ పక్కన ఒక డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. తొమ్మిది నెలల పని కళ్ల ముందు తిరిగింది. వాల్వులు బాగున్నాయి, తానే చూసింది. పెట్రోలు వస్తోంది, రాకపోతే మంట రాదు. నిప్పురవ్వా వస్తోంది. మరి నిప్పు రావాల్సిన టైములో రాలేదు. లోపలికి గాలీ పెట్రోలూ వెళ్లే దారి తెరిచి ఉన్నప్పుడు వచ్చింది, అందుకే మంట వెనక్కి తన్నింది.

ఆమె ఒక్కసారిగా లేచి మొదటి ప్లగ్గు విప్పింది. ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, రెండో చేత్తో ఫ్యాను బెల్టు పట్టుకుని ఇంజిన్ని మెల్లగా తిప్పింది. పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి గాలిని నొక్కడానికి, ఇంకోసారి కాలిన పొగను బయటికి నెట్టడానికి. నిప్పు రావాల్సింది నొక్కినప్పుడు. వేలి కింద గాలి ఉబ్బి, వేలిని తోసేసింది. అదే సరైన చోటు. అక్కడే ఆపి, ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూసింది. లోపలి ముల్లు ఒకటో వైరు వైపు ఉండాలి. అది తీరిగ్గా నాలుగో వైరు వైపు చూస్తోంది.

"అయ్యో నా మతి మండా!" అంది జరీనా. ఆ వెంటనే పకపకా నవ్వింది.

"ఏమైంది? ఏమైంది?" ఛాయాదేవి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"తలకిందులుగా పెట్టినా మేడమ్! పొగ పొయ్యేటప్పుడు నిప్పు పెడతాండా. ఏమీ పాడు కాలేదు. వైర్లు మారిస్తే చాలు."

ఒకటో వైరును నాలుగో చోట, నాలుగో దాన్ని ఒకటో చోట, రెండు మూడు కూడా అలాగే మార్చింది. రెండు నిమిషాల పని. మొదటి ప్లగ్గు బిగించి, వైరు తగిలించి, తలెత్తి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిన ఓబులమ్మను చూసింది. ఆమె బండి వదిలేసి షట్టరు దాకా వచ్చేసింది.

"పాపా, నిమ్మకాయ తెచ్చినా. చక్రం కింద పెట్టనా?" అంది.

"చక్రాలు ఈ పొద్దు తిరగవు ఓబులమ్మత్తా. ఇంజినొకటే."

"ఐతే ఇంజిన్ కింద పెడతా."

"దూరంగా ఉండు తల్లీ, నీకు దండం పెడతా."

ఛాయాదేవి రెండోసారి తాళం తిప్పింది. ఒక చుట్టు. రెండో చుట్టు పూర్తి కాకముందే ఇంజిన్ అందుకుంది. అందుకుందంటే మామూలుగా కాదు, గర్జించి అందుకుంది. సైలెన్సరులోంచి తెల్లటి పొగ ఒక్కసారిగా కమ్మేసింది. "తొక్కండి! తొక్కండి!" అని జరీనా అరిచింది. ఛాయాదేవి యాక్సిలరేటరు తొక్కింది. ముల్లు వెయ్యి దాటింది, పదహారు వందలు, రెండు వేలు, రెండు వేల మూడు వందల దగ్గర నిలిచింది. నూనె ముల్లు యాభై దగ్గర గట్టిగా నిలబడింది.

జరీనా సెల్‌ఫోన్లో టైము నొక్కి, ఇంజిన్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఎక్కడైనా నూనె కారుతోందా, నీళ్లు కారుతున్నాయా అని చూసింది. కొత్త రంగు వేడికి పొగలు కక్కుతోంది. పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొస బ్లాకుకు ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుంది. లోపల నాలుగు సిలిండర్లూ ఒకే తీరుగా, ఒకదాని వెనక ఒకటి, కుదురుగా కొట్టుకుంటున్నాయి. గరగర లేదు. టకటక లేదు.

సందులో జనం పోగయ్యారు. స్టేషనుకు పోయేవాళ్లు ఆగి వీడియోలు తీస్తున్నారు. పైఅంతస్తు ఆయన బాల్కనీలోకి వచ్చి ఏదో తిట్టబోయి, కారును చూసి, లోపలికెళ్లి భార్యను పిలుచుకొచ్చాడు. ఆ హోరులో ఛాయాదేవి యాక్సిలరేటరు మీంచి కాలు తీయకుండా, జరీనా వైపు చూస్తూ, చేతులు తిప్పుతూ ఏదో కథ చెబుతోంది. ఒక్క ముక్కా వినపడటం లేదు. తిరుపతి అని ఒకసారి, ఘాట్ రోడ్డు అని ఒకసారి పెదాలు కదిలాయి. జరీనా ప్రతిదానికీ "ఊఁ, ఊఁ" అని తల ఊపింది.

పన్నెండో నిమిషంలో రేడియేటరు కింది గొట్టం దగ్గర నీటి చుక్క మెరిసింది. చూస్తుండగానే ధారయింది. ఛాయాదేవికి అది కనపడి మొహం తెల్లబోయింది. ఇరవై ఏళ్ల కింద అత్తిబెలెలో పగిలింది కూడా ఆ చోటి గొట్టమే.

"కాలు తీయొద్దు!" అని సైగ చేసి, జరీనా తడి గోనెసంచిని చేతికి చుట్టుకుంది. తిరుగుతున్న ఫ్యానుకు జానెడు దూరంలో స్క్రూడ్రైవరు దూర్చి, గొట్టం పట్టీని ఒక చుట్టు బిగించింది. ఇంకో అర చుట్టు. ధార సన్నబడి, చుక్కయి, ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ టైము చూసింది.

ఇరవై నిమిషాలు పూర్తయ్యాయి. జరీనా చెయ్యెత్తింది. ఛాయాదేవి మెల్లగా కాలు తీసింది. గర్జన తగ్గి, తగ్గి, సన్నగా ఒక లయలోకి వచ్చింది. ఇంజిన్ తనంతట తాను, ఎవరూ తొక్కకుండా, కుట్టుమిషను మాదిరి నడుస్తోంది. సందంతా చప్పట్లు. ఓబులమ్మ దూరం నుంచే మూడుసార్లు దిష్టి తీసి మెటికలు విరిచింది. ఛాయాదేవి కారు దిగబోయి, కాలు తిమ్మిరెక్కి మళ్లీ సీట్లో కూలబడి, అక్కడే కూర్చుని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

బసవరాజు చేతులు కడుక్కుని వచ్చాడు. ఒక నిమిషం చెవి పెట్టి విన్నాడు.

"పొద్దున చుట్టు తిరిగినప్పుడే నోడిదిని," అన్నాడు. "డిస్ట్రిబ్యూటర్ ఉల్టా ఉంది అని."

జరీనా నిలువునా మండిపోయింది. "చూసి కూడా చెప్పలేదా అన్నా? మంటొచ్చింది! నా పానం పోయింది!"

"అందుకే కదమ్మా సిలిండర్ తెచ్చి పెట్టింది, సంచి తడిపింది." అతను ఇంజిన్ వైపు వేలు చూపించాడు. "నేను చెప్పింటే అది నేను స్టార్ట్ చేసిన ఇంజిన్ అయ్యేది. ఇప్పుడు నీది. పూర్తి నీది."

జరీనాకు కోపం ఇంకా పోలేదు, నవ్వు ఆగడం లేదు. చివరికి, "ఇంకో ప్లేటు ఇడ్లీ నాకు చెప్పండి పో," అంది.

* * *

ఇంజిన్ స్టార్ట్ కావడంతో పని అయిపోదు. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు సిలిండరు గోడలతో కలిసిపోవాలి. దానికి ఎనిమిది వందల కిలోమీటర్లు తిరగాలి. అరవై దాటకూడదు, అలాగని ఒకే వేగంతోనూ పోకూడదు. కాసేపు లాగించాలి, కాసేపు వదలాలి, మళ్లీ లాగించాలి. ట్రాఫిక్‌లో నిలబెట్టి ఉడికించకూడదు. బెంగళూరులో ఉంటూ ట్రాఫిక్‌లో నిలబడొద్దంటే ఎలాగని ఛాయాదేవి అడిగింది. తెల్లారుజామున పోవడమే దారి అంది జరీనా.

అలా ఆ రెండు నెలలు, ఆదివారాలూ బుధవారాలూ, ఐదున్నరకే ఛాయాదేవి కారు తీసేది. పక్క సీట్లో జరీనా, ఒళ్లో స్పానర్ల సంచి, చెవి ఇంజిన్ మీద. ఒకసారి సర్జాపుర వైపు, ఒకసారి హొసకోటె వైపు. వెనక సీటు మొదట ఖాళీగా ఉండేది. రెండో వారం ఓబులమ్మ ఎక్కింది, బండి ఒకరోజు తెరవకపోతే ఏమీ కాదని. మూడో వారం ఛాయాదేవి పాత ఆఫీసు స్నేహితురాలు వచ్చింది. తర్వాత ఎవరికి వాళ్లే ముందుగా చెప్పుకోవడం మొదలైంది. పైఅంతస్తు ఆయన కూడా ఒక బుధవారం, మంకీ క్యాప్ పెట్టుకుని, భార్యతో సహా ఎక్కాడు. ఎక్కిన ప్రతివాళ్లకూ ఛాయాదేవి ఒకటే చెప్పేది. "నలభై నుంచి అరవై, అరవై నుంచి నలభై. ఇంజినీరమ్మ ఆర్డరు. కడుపులో తిప్పితే నన్ను అనొద్దు."

ఇంజినీరమ్మ అన్నప్పుడల్లా జరీనా కిటికీలోంచి బయటికి చూసేది, చెవులు ఎర్రబడ్డాయని ఎవరికీ తెలియకుండా.

ఎనిమిది వందలు నిండిన రోజు గ్యారేజీలో నూనె దించింది. పాత నూనెను తెల్ల గుడ్డలోంచి వడపోసి, గుడ్డను ఎండలో పట్టుకుని చూసింది. మెరుపు లేదు. ఇనుప రజను లేదు. హెడ్డు నట్లు వరసగా మళ్లీ బిగించి, వాల్వుల దగ్గర టకటక రాకుండా టాపెట్లు సరిచేసి, కొత్త నూనె పోసింది.

"ఇంక ఎంతైనా పోవచ్చు మేడమ్," అంది.

తర్వాతి ఆదివారం ఇద్దరే బయల్దేరారు. ఓల్డ్ మద్రాసు రోడ్డు మీద హొసకోటె దాటాక, రోడ్డు ఖాళీగా, రెండు వైపులా మామిడితోపులతో, తిన్నగా సాగిపోయింది. ఛాయాదేవి ఉన్నట్టుండి కారు పక్కకు ఆపి, దిగి, ఇటువైపు వచ్చి తలుపు తీసింది.

"జరుగు. నువ్వు తోలు."

"నేనా? నాకు లైసెన్సు ఉండాది గానీ... గ్యారేజీ సందులో ముందుకూ వెనక్కీ తప్ప ఎప్పుడూ తోల్లేదు మేడమ్. మూడో గేరు కూడా వెయ్యలేదు."

"దాని లోపల ఉండే ప్రతి నట్టూ నీకు తెలుసు. బయట ఉండేది ఒక్క స్టీరింగే. జరుగు."

జరీనా జరిగింది. మొదటి గేరులో కారు ఒకసారి కుదిపింది. రెండో గేరు. మూడో గేరు వేసింది. నాలుగో గేరు వేశాక ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదు. అరవై. డెబ్బై. పన్నెండేళ్లుగా ఇంజిన్లను నిలబెట్టి వింటూ వచ్చింది. పరుగెత్తే ఇంజిన్ చప్పుడు వేరేలా ఉంటుందని, అది కాళ్లలోంచి, వెన్నులోంచి పైకి వస్తుందని ఆమెకు తెలియదు. ఎనభై. కిటికీలోంచి గాలి దూసుకొచ్చి చున్నీ వెనక సీట్లోకి ఎగిరిపోయింది. ఛాయాదేవి డాష్‌బోర్డు మీద చేత్తో దరువేస్తూ, "ఇంకా ఉంది, ఇంకా ఉంది దానికి!" అని అరిచింది. తొంభై దగ్గర జరీనా గట్టిగా, గొంతెత్తి, మాటలేమీ లేని ఒక కేక పెట్టింది. పక్కన పోతున్న పాల వ్యాను డ్రైవరు బెదిరి హారన్ కొట్టాడు.

ఒక తోపు దగ్గర బుట్టల్లో మామిడికాయలు అమ్ముతుంటే ఆపారు. ఛాయాదేవి బేరానికి దిగింది. జరీనా ఇంజిన్ ఆపకుండా, కారు మూతి వాల్చి, బసవరాజుకు ఫోన్ చేసింది.

"అన్నా, విను." ఫోన్ని ఇంజిన్ దగ్గరగా పట్టుకుంది.

ఒక నిమిషం అలాగే పట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"నాలుగో సిలిండర్‌లో టాపెట్ సౌండ్ వస్తావుంది," అన్నాడు బసవరాజు గంభీరంగా.

"అది టాపెట్ కాదన్నా. మేడమ్ గాజులు. మామిడికాయలు ఏరుతాంది."

"సరి సరి. ఫోన్ పెట్టు. ఛార్జ్ అయిపోతాది," అన్నాడు. కానీ తానూ పెట్టలేదు. జరీనా ఫోన్ని ముందు టైరు మీద, ఇంజిన్ వైపు తిప్పి పెట్టి, ఛాయాదేవి అందించిన కాయ కొరుక్కుంటూ నిలబడింది.